చెరువుకట్ట మీద పర్యావరణ పాఠం

తెలంగాణ సర్కారు బడుల్లో పర్యావరణ విద్య మూడో తరగతిలో ‘పరిసరాల విజ్ఞానం’ అనే సబ్జెక్టుతో మొదలవుతుంది. పుస్తకం పేరు ‘మనం - మన పరిసరాలు’. ఒకటి, రెండు తరగతుల్లో దానికి విడిగా పుస్తకం ఉండదు. చెట్టు, పిట్ట, నీరు అన్నీ తెలుగు వాచకంలోనూ లెక్కల్లోనూ కలిసిపోయి వస్తాయి. ఆరో తరగతి నుంచి అదే సబ్జెక్టు సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం అని రెండు పాయలవుతుంది. హైస్కూల్ తరగతులకు ‘పర్యావరణ విద్య’ పేరుతో వేరే పుస్తకాలూ వచ్చాయి. ఇంటర్ మొదటి ఏడాదిలో పాసైతే చాలు, మార్కులు మొత్తంలో కలవవు అన్న షరతుతో ఒక పరీక్ష ఉంటుంది. డిగ్రీలో ఆరు నెలల కోర్సు ఒకటి. కాగితం మీద చూస్తే, అక్షరాభ్యాసం నుంచి పట్టా పుచ్చుకునే దాకా పర్యావరణం విద్యార్థిని వదలదు.

ఇన్ని మెట్లు ఎక్కిన పిల్ల తన ఊరి చెరువు నిండితే ఆ నీళ్లు ఎటు పోతాయో చెప్పగలదా? పర్యావరణ విద్యను తూచడానికి ఇంతకంటే సులువైన తక్కెడ లేదు. ఆ ప్రశ్న వేయడానికి ఒక ఊరు కావాలి. సిద్దిపేట జిల్లా బెజ్జంకి అందుకు బాగా సరిపోతుంది.

బెజ్జంకి 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా మండల కేంద్రం. కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మండలం సిద్దిపేటలో కలిసింది, పాత మండలంలోని కొన్ని ఊళ్లు గన్నేరువరం మండలంగా విడిపోయి కరీంనగర్‌లోనే ఉండిపోయాయి. హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద బెజ్జంకి క్రాస్‌రోడ్ అందరికీ తెలిసిన స్టాపు. ఊరికి గుర్తు లక్ష్మీనరసింహస్వామి గుట్ట, ఏటా అక్కడ జరిగే జాతర. చుట్టుపక్కల ఊళ్లలో వరి, పత్తి, మక్క పండుతాయి. నేల కింద అంతా గట్టి రాయి. ‘తోటపల్లి గాంధీ’గా పేరుపడ్డ స్వాతంత్ర్య సమరయోధుడు బోయినపల్లి వెంకటరామారావు ఊరు తోటపల్లి ఈ మండలంలోదే. ఇప్పుడు ఆ ఊరి పేరు జలాశయంతో కలిసి వినిపిస్తోంది. మధ్యమానేరు నుంచి కాలువలో వచ్చే నీరు తోటపల్లి జలాశయం మీదుగానే హుస్నాబాద్ వైపు గౌరవెల్లి జలాశయానికి చేరాలి. గుట్ట, చెరువు, జలాశయం, చెల్కలు, జాతర. ‘మన పరిసరాలు’ అన్న మాటకు ఇక్కడ అర్థం ఇదే. పుస్తకం మాత్రం ఆదిలాబాద్ నుంచి ఆలంపూర్ దాకా ఒక్కటే. తేడాను పూడ్చాల్సింది బడి.

ఈ సబ్జెక్టు బడికి వచ్చిన దారి కొంచెం విచిత్రమైనది. విద్యాశాఖ కంటే న్యాయస్థానం పాత్రే అందులో ఎక్కువ కనిపిస్తుంది. 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో రెండు మాటలు చేర్చింది. 48ఎ అధికరణం పర్యావరణాన్ని, అడవులను కాపాడటం రాజ్యం పని అంది. 51ఎ(జి) అడవులు, చెరువులు, నదులు, వన్యప్రాణులను కాపాడటం, జీవుల పట్ల కరుణ చూపడం పౌరుల కర్తవ్యమంది. కర్తవ్యం ఉందని తెలియనివాడు దాన్ని పాటించడు కదా అన్న వాదనతో న్యాయవాది ఎం.సి.మెహతా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1991 నవంబరు 22న కోర్టు ఇచ్చిన తీర్పు ఈనాటి పర్యావరణ పుస్తకాల్లో చాలావాటికి మూలం. పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో పర్యావరణాన్ని తప్పనిసరి సబ్జెక్టు చేయాలని చెప్పింది. సినిమా హాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణం మీద స్లయిడ్లు వేయాలని, రేడియోలో, టీవీలో రోజూ కొన్ని నిమిషాలు కేటాయించాలని కూడా చెప్పింది. టూరింగ్ టాకీసుల కాలం నాటి ఆ స్లయిడ్లు ఎంతమందికి గుర్తున్నాయో గానీ, పుస్తకాలు మాత్రం నిలిచాయి. అవి కూడా వెంటనే రాలేదు. రాష్ట్రాలు తీర్పును అటక మీద పెట్టడంతో 2003 డిసెంబరులో కోర్టు మళ్లీ కలగజేసుకోవాల్సి వచ్చింది. డిగ్రీలో ఆరు నెలల కోర్సూ ఆ ఒత్తిడిలో స్థిరపడిందే.

కోర్టు చెబితే వచ్చిన సబ్జెక్టుకు ఒక గుణం అబ్బింది. ఉందా లేదా అని చూసుకుంటారు తప్ప ఎలా ఉందని ఎవరూ అడగరు. టైంటేబుల్‌లో పేరుంటే ఆదేశం పాటించినట్టే.

ప్రపంచం ఈ చదువును వేరుగా ఊహించింది. 1972 జూన్‌లో స్టాక్‌హోం సదస్సు పర్యావరణ విద్య అవసరాన్ని గుర్తించింది. 1977 అక్టోబరులో అప్పటి సోవియట్ జార్జియాలోని టిబిలిసిలో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి జరిపిన సమావేశం దాని లక్ష్యాలను ఐదు మాటల్లో చెప్పింది. ఎరుక, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, పాలుపంచుకోవడం. మన పుస్తకాలు మొదటి రెండింటిని బాగానే చూసుకుంటాయి. చివరి రెండు పుస్తకంలో ఇమిడేవి కావు. పూడిక ఎంత పేరుకుందో కొలవడం నైపుణ్యం. కొలిచిన లెక్కను గ్రామసభలో చదవడం పాలుపంచుకోవడం. తర్వాతి కాలంలో ఇదే ఆలోచన ‘సుస్థిరాభివృద్ధి కోసం విద్య’ అయింది. 2005 నుంచి 2014 దాకా ఐక్యరాజ్యసమితి ఆ పేరుతో ఒక దశాబ్దాన్నే నడిపింది. సుస్థిరాభివృద్ధి అన్న మాట నోరు తిరగనిది కావచ్చు, అర్థం మాత్రం రైతు ఇళ్లలో పాతదే. విత్తనానికని గుమ్మిలో దాచిన గింజలను కరువొచ్చినా వండుకోకపోవడమే అది.

ఇక పాఠం దగ్గరికి. బెజ్జంకి లాంటి ఊళ్లో పర్యావరణ విద్యకు చెరువు కంటే మంచి తరగతి గది దొరకదు. తెలంగాణ నేల ఎగుడుదిగుడు. పెద్ద నదులు పల్లంలో పారుతాయి, ఊళ్లు మిట్ట మీద ఉంటాయి. అందుకే కాకతీయుల కాలానికి ముందు నుంచీ వాననీటిని ఎక్కడికక్కడ కట్ట వేసి ఆపారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు, అది నిండితే ఇంకో చెరువుకు. వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. బెజ్జంకి ప్రాంతపు వాగులు, చెరువుల నీరు చివరికి మానేరులో, దాని ద్వారా గోదావరిలో కలుస్తుంది. ఐదో తరగతి పిల్లలను కట్ట మీదికి తీసుకెళ్లి నిలబెడితే ఒక్క గంటలో చూపించగలిగింది చాలా ఉంది. కట్టకు నీటివైపు రాళ్లు ఎందుకు పరిచారు? అలలు మట్టిని కోయకుండా. తూము కట్ట అడుగున ఎందుకుంది? నీరు తగ్గినా పొలానికి అందాలని. మత్తడి కట్ట కంటే ఎత్తు తక్కువ ఎందుకు? నీరు కట్ట మీది నుంచి పొర్లితే కట్ట తెగుతుంది కాబట్టి. శిఖం అంటే ఏమిటి? ఎండాకాలం ఎండి, వానకాలం మునిగే నేల. అక్కడ ఇల్లు కడితే ఏమవుతుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. కట్టమైసమ్మ గుడి కట్ట మీదే ఎందుకుందన్న ప్రశ్న పిల్లలే వేస్తారు. కట్టను ఊరంతా కనిపెట్టుకుని ఉండాలన్న ఏర్పాటుకు ఒక దేవతను పెట్టుకున్నారన్నది ఒక జవాబు. నమ్మకంగా చెప్పినా, సామాజికశాస్త్రంగా చెప్పినా పిల్లలకు అందుతుంది.

ఆ గంటలోనే నీరటి గురించి చెప్పాలి. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు నీరు వదలాలో చూసే మనిషి నీరటి. ఆయకట్టులో చివరి మడికీ నీరు చేర్చడం అతని పని. బోర్లు వచ్చాక, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలయ్యాక ఎవరి నీరు వారిదైంది. నీరటి ఊరికి అక్కరలేనివాడయ్యాడు. ఉమ్మడి నీటిని పంచే లెక్క పోయి, సొంత నీటిని తోడే లెక్క వచ్చింది. ఇది సైన్సు పాఠమా, సాంఘికశాస్త్రమా అంటే రెండూ. ఆరో తరగతిలో సబ్జెక్టు రెండు పాయలైనప్పుడు జారిపోయేది సరిగ్గా ఇలాంటి విషయమే.

2015 మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా బాగుచేయాలని పెట్టుకుంది. పూడిక తీసిన చోటల్లా రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. చెరువు మట్టి ఎందుకంత విలువైనదో చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగులు కోసి, తలకిందులు చేసి, మూతికి బట్ట కట్టాలి. ఒకదాంట్లో చెల్క మట్టి, మరోదాంట్లో చెరువు మట్టి సమానంగా పోయాలి. రెండింటిలోనూ ఒక్కో గ్లాసు నీళ్లు పోసి, కింద గిన్నెలు పెట్టి చూడాలి. చెల్క మట్టి నుంచి నీళ్లు చూస్తుండగానే బొటబొటా కారిపోతాయి. చెరువు మట్టి తాగి కూర్చుంటుంది, చాలాసేపటికి గానీ ఒక్కో చుక్కా రాదు. గిన్నెల్లో నీళ్లు కొలిస్తే తేడా అంకెల్లో తేలుతుంది. పై నుంచి కొట్టుకొచ్చిన సన్నని బంకమట్టి, కుళ్లిన ఆకు, పశువుల పేడ అన్నీ చెరువు అడుగున చేరాయి. తాతలు ఎడ్లబండ్ల మీద ఆ మట్టినే ఎందుకు తోలారో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. తోలడం మానేశాక చెరువు ఎందుకు పూడిందో కూడా.

బతుకమ్మ ఇంకో పాఠం. పెత్రమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజుల్లో పేర్చే పూలలో ఎక్కువ భాగం ఎవరూ నాటనివి. తంగేడు బీడుల్లో, బాటల వెంట పూస్తుంది. అది రాష్ట్ర పుష్పం కూడా. గునుగు చేలల్లో మొలిచే కలుపు. రైతుకు కలుపు అయినది ఆడబిడ్డలకు పండుగ. గడ్డిమందు కొట్టే చేనులో గునుగు మొలవదు. బీడు ప్లాటుగా మారితే తంగేడు ఉండదు. పూల కోసం ఎంత దూరం వెళ్లారని పిల్లలు తమ అమ్మమ్మనూ అమ్మనూ అడిగి, రెండు జవాబులూ పక్కపక్కన రాస్తే చాలు. జీవవైవిధ్యం తగ్గడం అన్న పాఠ్యపుస్తకపు మాట నడిచిన దూరంగా మారుతుంది.

నీటి లెక్కలు తరగతిలోనే చేయొచ్చు, అవి లెక్కల పీరియడ్‌కు కూడా పనికొస్తాయి. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. బడి కప్పు 200 చదరపు మీటర్లు ఉండి, ఏడాదిలో 750 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే లక్షా 50 వేల లీటర్లు. ఆ నీరంతా గోడ వెంట కారి పోతున్నదా, ఇంకుడు గుంతలోకి పోతున్నదా అన్నది బడి వెనక్కి వెళ్లి చూసే సంగతి. పొలం లెక్క ఇంకా పదునైనది. ఎకరం నేలలో ఒక సెంటీమీటరు ఎత్తున నీరు నిలబడితే సుమారు 40 వేల లీటర్లు. వరికి పంటకాలం మొత్తం మీద 120 సెంటీమీటర్ల దాకా నీరు పడుతుందనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. మక్క లాంటి ఆరుతడి పంటకు అందులో సగం చాలు. కాలువ నీరు కొత్తగా వచ్చిన మండలంలో వరి విస్తీర్ణం ఎందుకు పెరుగుతుందో, ఆ కాలువ ఒక ఏడాది రాకపోతే ఏమవుతుందో పిల్లలు ఈ అంకెలు వేసుకుని మాట్లాడాలి. రైతుల ఇళ్ల పిల్లలు ఈ చర్చలో సార్ల కంటే ముందుంటారు. తరగతిలో వెనకబెంచీ ముందుకొచ్చే పాఠాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

చెట్ల విషయంలో బడులకు అనుభవం ఎక్కువ, ఆలోచన తక్కువ. 2015 జులై 3న మొదలైన తెలంగాణకు హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరూరా నర్సరీని తప్పనిసరి చేసింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే సర్పంచి, పంచాయతీ కార్యదర్శులు జవాబు చెప్పాలంది. పల్లెప్రగతి కార్యక్రమంలో ప్రతి ఊరికీ పల్లె ప్రకృతి వనం వచ్చింది. ఇంతటి కార్యక్రమంలో బడి పిల్లల పని గుంత తీయడం, మొక్క పట్టుకుని ఫొటోకు నిలబడటం దగ్గరే ఆగడం అన్యాయం. ఏ చెట్టు నాటాలన్నదే అసలు పాఠం. నీళ్లు లేకున్నా గబగబా పెరిగి పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్‌ను రోడ్ల మధ్య, పార్కుల చుట్టూ విరివిగా నాటారు. తర్వాత దాని పుప్పొడి వల్ల అలర్జీలు వస్తున్నాయని, నేలలో నీటిని పీల్చేస్తోందని అభ్యంతరాలు రావడంతో నాటొద్దన్నారు. వేప, కానుగ, చింత, మోదుగ, జమ్మి ఈ నేలకు కొత్తవి కావు. ఒక్కో చెట్టు మీద ఎన్ని రకాల పిట్టలు వాలాయో వారం రోజులు లెక్కపెట్టిన పిల్లవాడికి వేపకూ కోనోకార్పస్‌కూ తేడా ఎవరూ బోధించాల్సిన పనిలేదు. మొక్కలు నాటి, గింజలు చల్లి, రేకుల మీద చెట్ల గురించి రాతలు రాసి మెడలో వేసుకుని తిరిగిన ఖమ్మం జిల్లా వనజీవి రామయ్యకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు.

చెత్త విషయానికొస్తే సిద్దిపేటే రాష్ట్రానికి పాఠం చెప్పింది. సిద్దిపేట పట్టణంలో ‘స్వచ్ఛ బడి’ ఉంది. బెంగళూరులోని ఒక కేంద్రాన్ని చూసి పెట్టుకున్న ఈ బడికి తరగతులు, పరీక్షలు లేవు. తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త వేరు చేయడం ఎలా, వంటింటి తొక్కలు ఎరువు అవడానికి ఏం చేయాలి, కుండీలో ఏది కుళ్లుతుంది, ఏది కుళ్లదు అన్నవి అక్కడ చేసి చూపిస్తారు. ఇంటింటా వేరు చేసిన తడి చెత్త నుంచి గ్యాస్, ఎరువు తయారుచేసే ప్లాంటు పట్టణ శివారు బుస్సాపూర్‌లో ఉంది. వేరు చేయడం నేర్పకపోతే ఆ ప్లాంటుకు మేత దొరకదు. ఇక్కడ చదువూ యంత్రమూ ఒకదాన్నొకటి ఆసరా చేసుకున్నాయి. పెళ్లిళ్లలో, దినాలలో ప్లాస్టిక్ గ్లాసులు, విస్తళ్ల బదులు స్టీలు పళ్లేలు, గ్లాసులు అద్దెకిచ్చే ‘స్టీల్ బ్యాంకు’లు, బట్ట ప్యాడ్లు, మెన్‌స్ట్రువల్ కప్పుల గురించి ఆడవాళ్లకు చెప్పే ‘రుతుప్రేమ’ కార్యక్రమం కూడా ఈ పట్టణం నుంచే వచ్చాయి. చివరిది బడుల్లో మాట్లాడటానికి ఇంకా మొహమాటపడే విషయం. ఒక్కసారి వాడి పారేసే ప్యాడ్లు ఎక్కడికి పోతాయన్నది చెత్త పాఠంలో ఉండాల్సిందే.

పట్టణంలో వచ్చిన ఈ అనుభవం మండలాలకు చేరాల్సి ఉంది. బెజ్జంకి జాతర అందుకు మంచి సందర్భం. జాతర అంటే వేలమంది జనం, మిఠాయి దుకాణాలు, నీళ్ల ప్యాకెట్లు, టీ కప్పులు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు, పళ్లేలు, స్ట్రాలు, గాలిబుగ్గలకు కట్టే పుల్లలు ఆ జాబితాలో ఉన్నాయి. జాతర అయిన మర్నాడు చేతి తొడుగులు వేసుకుని, పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు స్థలంలో పడ్డ వస్తువులను ఏరి, రకాల వారీగా లెక్కపెట్టి, వాటిలో నిషేధించినవి ఎన్నో రాస్తే తొమ్మిదో తరగతికి అది ఒక ప్రాజెక్టు. ఆ కాగితం దేవాలయ కమిటీకీ పంచాయతీకీ ఇస్తే టిబిలిసిలో చెప్పిన ఐదో లక్ష్యం కూడా నెరవేరినట్టే.

ప్రాజెక్టు అనగానే ఒక చేదు నిజం ఒప్పుకోవాలి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి ఐదు మార్కులున్నాయి. ఉద్దేశం మంచిదే. జరిగేదేమిటంటే, స్టేషనరీ దుకాణంలో ‘జల కాలుష్యం’ పేరుతో రంగురంగుల చార్టు అచ్చువేసి అమ్ముతారు. దాన్ని కత్తిరించి, అట్టకు అంటించి, కింద పేరు రాస్తే ఐదు మార్కులు. ఆ చార్టులో ఫ్యాక్టరీ పొగగొట్టం, నురగలు కక్కే నది ఉంటాయి. ఊళ్లో పొగగొట్టం లేదు. ఉన్నది పత్తి చేనులో ఖాళీ పురుగుమందు డబ్బా, దాన్ని కడిగిన నీళ్లు కలిసిన వాగు. చార్టులో అది ఉండదు.

పురుగుమందు మాట వచ్చింది కాబట్టి పెద్దల చదువు గురించి చెప్పాలి. పర్యావరణ విద్య పిల్లలకే అనుకోవడం పొరపాటు. తెలుగు నేల మీద ఈ చదువులో గట్టి ఫలితం చూపినవి రైతుల బడులే. 2003 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలుచుకునే పథకం నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశంతో పాటు మహబూబ్‌నగర్, నల్గొండ అందులో ఉన్నాయి. రైతులు ఊళ్లో వానమాపకం పెట్టుకున్నారు, ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం తామే కొలిచి గోడ మీద రాశారు, యాసంగికి ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకెంత కావాలి అని లెక్క వేసుకున్నారు. నీళ్లు చాలవని తేలితే వరి తగ్గించుకోమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క కళ్లముందుంది, నిర్ణయం రైతుది. సిద్దిపేటకు పొరుగున జనగామ జిల్లాలోని ఏనబావిలో కూడా ఇలాంటి నేర్పే పనిచేసింది. వేపకషాయం, ఎర పంటలు, పురుగు జీవితచక్రం తెలుసుకోవడం వంటి పద్ధతులతో ఆ ఊరు రసాయన మందులు, ఎరువులు మానేసి 2006లో సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. సీతాకోకచిలుక జీవితచక్రం ప్రతి బడి పుస్తకంలోనూ ఉంది. పత్తికాయను తొలిచే పురుగు కూడా రెక్కలొస్తే అలాంటి రెక్కల పురుగేనని, గుడ్డు దశలో ఏరేస్తే మందే అక్కర్లేదని చెప్పినప్పుడు ఆ బొమ్మకు పొలంలో విలువ వచ్చింది.

బడినే ఈ దారిలో మలిచిన ప్రయోగాలు కూడా ఉన్నాయి, ఒకటి దగ్గర్లోనే. సిద్దిపేట, జహీరాబాద్ రెండూ ఒకప్పుడు మెదక్ జిల్లాలోవే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మాచనూర్‌లో ‘పచ్చసాలె’ పేరుతో బడి పెట్టింది. అక్కడ పిల్లలు మామూలు సిలబస్‌తో పాటు సేద్యం, వడ్రంగం, కుండలు చేయడం, మూలికా వైద్యం, ఇల్లు కట్టడం వంటి పనులూ నేర్చుకున్నారు. పదో తరగతి పరీక్షా రాశారు. జొన్న, సజ్జ, కొర్ర, పప్పు దినుసుల విత్తనాలను కాపాడుకున్న దళిత మహిళా రైతుల సంఘాలే ఈ బడికి వెన్నెముక. ఆ సంస్థను నడిపించిన పి.వి.సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. అటు మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఇంకో దారి. జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన ఆ బడి, వానలు తక్కువ పడే బోడి లోయలో దశాబ్దాల పాటు చెట్లు పెంచింది. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. పిట్టలను చూడటం అక్కడ చదువులో భాగం. ఒకటి పేద రైతుల బడి, మరొకటి ఫీజులు కట్టగలిగినవారి బడి. రెండింటిలో కలిసిన సంగతి ఒక్కటే. పాఠం చెప్పే చోట నేలను ముందు బాగుచేశారు.

సర్కారు బడికి ఇదంతా ఎంతవరకు సాధ్యం? 2001-02 నుంచి జాతీయ హరిత దళం కింద జిల్లాకు 250 బడుల దాకా పర్యావరణ క్లబ్బులు పెట్టారు. ఏడాదికి ఒక్కో బడికి ఇచ్చిన డబ్బు ఒక దశలో రెండున్నర వేలు, తర్వాత ఐదు వేలు. ఇప్పుడు అదే పని మిషన్ లైఫ్ ఎకో క్లబ్బుల పేరుతో సాగుతోంది. పేర్లు మారినంత వేగంగా పద్ధతి మారలేదు. జూన్ 5న ర్యాలీ, వ్యాసరచన, నినాదాల పోటీ. అయితే నింద మొత్తం టీచర్ల మీద వేయడం తేలిక, న్యాయం కాదు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులను చూసే ప్రాథమిక పాఠశాలలో పిల్లలను చెరువు దగ్గరికి తీసుకెళ్లాలంటే మిగతా పిల్లలను ఎవరు చూడాలి? నీటి దగ్గర ప్రమాదం జరిగితే ఎవరు జవాబు చెప్పాలి? అందుకే ఈ చదువుకు ఊరి సాయం కావాలి. నీరటి పని చేసిన ముసలాయన ఒక గంట కట్ట మీద మాట్లాడితే టీచర్ సగం పని అయినట్టే. మందులేని వ్యవసాయం చేసే రైతు, స్వచ్ఛ బడిలో నేర్చుకున్న మహిళాసంఘం సభ్యురాలు, పంచాయతీ నర్సరీ చూసే వనసేవకుడు, వీళ్లందరూ ఊళ్లోనే ఉన్నారు. జిల్లాలోని ములుగులో అటవీ కళాశాల, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఏడాదికి ఒకసారి వాటి విద్యార్థులు మండలం బడులకు వచ్చినా ఖర్చు బస్సు చార్జీలే.

మార్కుల సంగతి కూడా తేల్చుకోవాలి. పాసైతే చాలన్న పరీక్ష ఎవరినీ చదివించదు. వంద మార్కుల పరీక్ష పెడితే గైడ్లు వస్తాయి, జవాబులు బట్టీ పడతారు. ఈ సబ్జెక్టుకు సరిపోయేది రికార్డు. సైన్సు రికార్డులాగా, ఒక తరగతి ఏడాది పొడవునా రాసిన వాన లెక్క, బావి నీటిమట్టం, చెరువు నిండిన తేదీ, మత్తడి దుంకిన తేదీ, మధ్యాహ్న భోజనంలో పారేసిన అన్నం తూకం, చెట్టు మీద వాలిన పిట్టల పేర్లు. ఒక ఏడాది రికార్డు పిల్లలకు పనికొస్తుంది. పదేళ్ల రికార్డు ఊరికి పనికొస్తుంది. చెరువు ఏ తేదీన నిండిందో పదేళ్ల కాగితం ఉన్న ఊరు, వాతావరణం మారుతోందో లేదో ఎవరినీ అడగనక్కర్లేదు.

తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. నైరుతి రుతుపవనాలూ దాదాపు ఆ రోజుల్లోనే వస్తాయి. మొదటి వానను కొలవడానికి బడికి కావాల్సింది అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న డబ్బా, ఒక స్కేలు, పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి చూసి రాసే ఇద్దరు పిల్లలు.